కొండబాట, ఎముకల బలము

కాలేబును మనమందరము ఎరుగుదుము. కనాను దేశమును వేగు చూచుటకు మోషే పంపిన పన్నెండుగురిలో అతడొకడు. ఎనభై అయిదేండ్ల వయసులో, వంతులు వేసి భూమి పంచుతున్న రోజుల్లో, అతడు యెహోషువ దగ్గరకు వచ్చి ఏమి అడిగాడో యెహోషువ గ్రంథము 14వ అధ్యాయములో ఉంది. చదునైన పొలము అడగలేదు. కొండసీమ అడిగాడు. నలభై ఏండ్లప్పుడు తనకెంత బలముండేదో ఇప్పుడూ అంతే ఉందని చెప్పుకున్నాడు. ఈ మాటను మన సేవకులు విశ్వాసమునకు మాదిరిగా ప్రసంగిస్తారు, అది సరియే. ముప్పై ఏండ్లకు పైగా అరకు లోయలో సేవకుని భార్యగా కాపురమున్న నాకు మాత్రము ఈ భాగము చదివినప్పుడల్లా ఇంకొక తలంపు కూడ వస్తుంది. ఆ పెద్దాయన ఎముకలు ఎంత గట్టివో కదా!

ఎందుకంటే ఈ మధ్య మన స్త్రీల కూడికలలో ప్రార్థన అంశములు అడిగితే సగము ఎముకల గురించే వస్తున్నాయి. ఒకరికి నడుము, ఒకరికి తుంటి, ఒకరికి జారిపడి మణికట్టు విరిగింది. ‘ఎముకలు గుల్లబారాయన్నారమ్మా’ అని చెబుతారు. దానికి రెండు రకాల మాటలు వినబడతాయి. ‘చిన్నప్పటినుండి కొండలు ఎక్కి దిగి అరిగిపోయాయి’ అని కొందరు. ‘కొండ ఎక్కేవాళ్ళకు ఎముకల జబ్బే రాదు, అది కుర్చీలో కూర్చునే పట్నమోళ్ళ జబ్బు’ అని మరికొందరు. ఈ రెండు మాటలూ సగము సగమే నిజమని నేను నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నది మన కుటుంబములకు ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఎముక ఎండుకట్టె కాదు

మనము ఎముక అంటే చచ్చిన కట్టె లాంటిదనుకుంటాము. కాదు, అది ప్రాణమున్నది. దానిలో రక్తము పారుతుంది, కణములు పనిచేస్తాయి. మన శరీరములో ఉన్న కాల్షియములో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఎముకలలోను పళ్ళలోను దాచబడి ఉంది. రక్తములో కాల్షియము తగ్గితే శరీరము ఈ కొట్టు తెరచి తీసుకుంటుంది, తిండిలో వస్తే మరల నింపుకుంటుంది.

ఎముకలో రెండు రకాల పనివారున్నారు. ఒక రకము కణములు పాత ఎముకను కొంచెము కొంచెముగా కరిగించి తీసివేస్తాయి. రెండవ రకము కణములు అదే చోట కొత్త ఎముకను కడతాయి. పెద్దవారిలో ఏడాదికి దాదాపు పదవ వంతు ఎముక ఇలా పాతది పోయి కొత్తది వస్తుంది. చిన్నతనములో కట్టే పని ఎక్కువ. ఇరవై అయిదు, ముప్పై ఏండ్ల మధ్య ఎముక తన పూర్తి బలానికి చేరుతుంది. ఆ తరువాత తీసే పని మెల్లగా పైచేయి అవుతుంది. స్త్రీలకు నెలసరి ఆగిపోయిన తరువాత కొన్ని ఏండ్లపాటు ఈ నష్టము చాలా వేగముగా జరుగుతుంది. పైకి ఎముక అలాగే కనబడుతుంది, లోపల మాత్రము చెదపురుగు తిన్న దూలములాగా డొల్ల అవుతుంది. నొప్పి కూడ ఉండదు. పడి విరిగిన రోజునే తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. మోకాలిలో అరుగుదల అనేది కీలుకు సంబంధించిన బాధ. ఎముక గుల్లబారడము వేరే. రెండూ ఒకరికే ఉండవచ్చును గాని, ఒకదానిని చూచి రెండవదని అనుకోకూడదు. ‘కొండ ఎక్కి ఎముకలు అరిగాయి’ అనే మాట ఇక్కడే తప్పుతుంది.

బరువు పడితేనే బలము

1892లో జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ ఒక గొప్ప సంగతి వ్రాశాడు. ఎముక తనమీద పడే బరువును బట్టి తన లోపలి కట్టుబడిని మార్చుకుంటుందని ఆయన చెప్పాడు. ఎక్కడ బరువు పడుతుందో అక్కడ గట్టిపడుతుంది, ఎక్కడ పని లేదో అక్కడ పలచబడుతుంది. ఇది ఎలా జరుగుతుందో తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పాదము నేలమీద ఆనినప్పుడు ఎముక కంటికి కనబడనంత కొద్దిగా వంగుతుంది. దాని సన్నని కాలువలలోని ద్రవము కదులుతుంది. ఎముకలో పాతుకొని ఉన్న కణములు ఆ కదలికను కావలివారివలె పసిగట్టి, కట్టే కణములకు ‘ఇక్కడ బలము కావాలి’ అని కబురు పంపుతాయి.

టెన్నిస్ ఆడేవారి చేతులు చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. బ్యాటు పట్టే చేతి ఎముక రెండవ చేతి ఎముకకంటె మందముగా ఉంటుంది. అంతరిక్షములోకి వెళ్ళిన వ్యోమగాముల సంగతి దీనికి తలక్రిందులు. అక్కడ శరీరమునకు బరువే లేదు. అందుచేత తుంటి భాగములో నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు ఎముక కరిగిపోయేది. భూమిమీద ఒక ముసలి తల్లికి ఏడాదిలో జరిగే నష్టము వారికి నెలలో జరిగేదన్నమాట. అందుకనే వారు అక్కడ రోజూ గంటలకొద్దీ వ్యాయామము చేస్తారు. నెలల తరబడి మంచము పట్టినవారికి ఎముక పలచబడేది కూడ ఇందువలననే.

ఎక్కడము, దిగడము

కీర్తనల గ్రంథములో 120 నుండి 134 వరకు ఉన్నవాటిని యాత్రకీర్తనలంటారు. పండుగలకు యెరూషలేము ఎక్కి వెళ్ళేవారు వాటిని పాడుకొనేవారని పెద్దలు చెబుతారు. యెరికో పట్టణము సముద్రమట్టముకంటె క్రిందుగా ఉంది. అక్కడనుండి యెరూషలేముకు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి. మన అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, అంటే యెరూషలేముకంటె పైనే ఉంది. కొత్తవలస నుండి కిరండూలు పోయే రైలు మార్గములో మన సిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. పాడేరు వైపు అర్మకొండ 1,600 మీటర్లు దాటుతుంది. రైలూ బస్సూ లోయకే వస్తాయి. లోయ చుట్టూ ఉన్న గూడేలకు, పోడు చేలకు, ఊట గెడ్డలకు ఇప్పటికీ కాళ్ళే దిక్కు.

మెట్టు ఎక్కేటప్పుడు తుంటి కీలుమీద ఎంత బరువు పడుతుందో బెర్లిను నగరములో కొలిచి చూశారు. శస్త్రచికిత్సలో అమర్చిన కృత్రిమ తుంటి లోపలే చిన్న కొలత యంత్రములు పెట్టి, ఆ రోగులను నడిపించి, మెట్లు ఎక్కించి దించారు. ఆ ఫలితములు 2001లో వెలువడ్డాయి. ఎక్కేటప్పుడు శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్లు, దిగేటప్పుడు అంతకంటె మరికొంచెము ఎక్కువ బరువు తుంటిమీద పడుతుందని తేలింది. యాభై కిలోల మనిషి అడుగు తీసి అడుగు వేస్తే ఒక్కొక్క అడుగుకు నూట ఇరవై అయిదు కిలోలన్నమాట! చదునుగా నడిచినప్పుడు కూడ ఎక్కువే పడుతుంది గాని, కొండమీద అడుగులు ఒక్కలాగా ఉండవు. ఒకసారి రాయిమీద, ఒకసారి వేరుమీద, ఒకసారి పక్కకు, ఒకసారి లోతుకు. తొడ కండరములు, పిరుదు కండరములు ఎముకను గట్టిగా లాగుతాయి. ఎముకకు కావలసినది ఈ మార్పే. రోజూ ఒకే తీరుగా పడే బరువుకు అది అలవాటు పడిపోతుంది. కొత్త బరువు, వేరు వేరు దిక్కుల బరువు, కొంచెము అదురు ఉంటేనే కదలిక వస్తుంది. సైకిలు తొక్కడము, ఈదడము గుండెకు మంచివే గాని, ఎముకకు అంత మేలు చేయవు. వాటిలో కాలు నేలకు తాకి అదరదు.

ఆస్ట్రేలియాలో నెలసరి ఆగిన, ఎముకలు పలచబడిన స్త్రీలకు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల ఎదుట బరువులు ఎత్తడము, ఎగిరి దిగడము ఎనిమిది నెలలు నేర్పారు. 2018లో అచ్చయిన ఆ పరిశోధనలో వారి వెన్నెముక సాంద్రత నూటికి దాదాపు మూడు వంతులు పెరిగింది. ఇంటిలో తేలికపాటి వ్యాయామము చేసినవారికి ఒక వంతుకు పైగా తగ్గింది. మూడు వంతులే గదా అనిపించవచ్చు. ఏటేటా పోయే వయసులో పోకుండా ఆగడమే లాభము, పెరగడము ఇంకా లాభము.

మూడేండ్ల క్రితము వానలో ఇంటి మెట్లమీద జారి నా ఎడమ మణికట్టు విరిగింది. విశాఖపట్నములో వైద్యురాలు కట్టు కట్టి, అంత చిన్న పాటుకు విరగడము మంచిది కాదని, ఎముకల సాంద్రత చూచే డెక్సా పరీక్ష చేయించమన్నారు. బల్లమీద పడుకుంటే పది నిమిషముల పని, నొప్పి లేదు. దానిలో వచ్చే అంకె సున్నాకు ఎంత క్రిందికి పోతే ఎముక అంత పలచన. మైనస్ 2.5 గాని అంతకంటె క్రిందికి గాని పోతే బోలు ఎముకల వ్యాధి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో హద్దు పెట్టింది. నాకు వెన్ను మైనస్ 2.7. తుంటి మాత్రము మైనస్ 1.8. ఆమె ఆ కాగితము చూచి, ‘మీరు కొండలు ఎక్కుతారా అమ్మా?’ అని అడిగారు. వారానికి మూడు గూడేలు తిరుగుతానని చెప్పాను. ‘ఒక్కరి పరీక్షను బట్టి రుజువని చెప్పలేను గాని, ఎక్కే దిగే పని తుంటికి మేలు చేస్తుంది. మీకూ అది తోడ్పడి ఉండవచ్చు. మానకండి, జారకుండా ఎక్కండి’ అన్నారు.

మరి మన కొండ తల్లుల సంగతి?

నేను ఎక్కిన కొండ ఎంత? మన గూడేల తల్లులు ఎక్కినదానిలో పదవ వంతు కాదు. చీకటి ఉండగానే గెడ్డనుండి నీళ్ళు, పగలు చేను, సాయంత్రము కట్టెల మోపు, వారానికొకసారి సంతకు తట్ట. చంకన బిడ్డ, తలమీద బరువు. కొండ ఒక్కటే ఎముకకు చాలుననుకుంటే ఈ తల్లుల ఎముకలు ఉక్కుకంటె గట్టిగా ఉండాలి.

డుంబ్రిగుడ వైపు ఒక గూడెములో నాకు బాగుగా తెలిసిన ఒక అవ్వ ఉండేది. మొదట బాప్తిస్మము తీసుకున్నవారిలో ఆమె ఒకతె. మేము ఎప్పుడు వెళ్ళినా ‘పాస్టరమ్మా, కూసోండి’ అని పీట వేసి, చోడంబలి గిన్నెతో ఇచ్చేది. తాను తాగిందా అని అడిగితే నవ్వి ఊరుకొనేది. మగవారు, పిల్లలు తిన్న తరువాత మిగిలినదే ఆమెది. ఒక శ్రావణ మాసములో కట్టెల మోపుతో దిగుతూ తడి మట్టిలో కూర్చున్న చోటనే పడింది. పెద్ద లోయలో పడలేదు, రాయి తగలలేదు, ఉత్తినే కూలబడింది. తుంటి విరిగింది. నలుగురు కుర్రవాళ్ళు డోలీ కట్టి రోడ్డుదాకా మోసారు. ఆసుపత్రికి చేరి, ఆపరేషన్‌కు మంచము దొరికేసరికి రోజులు గడిచాయి. ఇంటికి వచ్చింది గాని మరల లేవలేదు. అయిదవ నెలలో ప్రభువునందు నిద్రించింది. తుంటి విరిగిన వృద్ధులలో చాలామందికి ఏడాది తిరగకముందే ఇలా జరుగుతుంది. ఎముక విరగడము కాదు, ఆ విరుగుడుతో వచ్చే మంచమే మనిషిని తీసుకొని పోతుంది.

ఆమె సమాధి దగ్గర నిలిచినప్పుడు నాలో ఒకటే ప్రశ్న. డెబ్బై ఏండ్లు కొండ ఎక్కిన తుంటి అంత తేలికగా ఎందుకు విరిగింది?

జవాబు నాకు నిర్గమకాండము 5వ అధ్యాయములో దొరికింది. ఫరో ఇశ్రాయేలీయులకు గడ్డి ఇవ్వడము మానివేసి, ఇటుకల లెక్క మాత్రము తగ్గనివ్వలేదు. బరువు అనేది ఎముకకు ‘కట్టు’ అని ఇచ్చే ఆజ్ఞ. కాల్షియము, మాంసకృత్తులు, ఎండవలన వచ్చే డి విటమిను, ఇవి గడ్డి, మట్టి వంటివి. ఆజ్ఞ ఉండి గడ్డి లేకపోతే ఇటుక ఎలా తయారవుతుంది? మన కొండ తల్లుల ఎముకలు ఆజ్ఞలు లేక బలహీనపడలేదు. సామాను లేక బలహీనపడ్డాయి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పేద కుటుంబములకు చెందిన 289 మంది స్త్రీలను, ముప్పై నుండి అరవై ఏండ్ల వయసువారిని పరీక్షించి 2005లో ప్రకటించారు. వారిలో దాదాపు నూటికి ఇరవై తొమ్మిది మందికి తుంటి మెడ దగ్గర బోలు ఎముకల వ్యాధి ఉంది. వారు తిండిలో తీసుకొనే కాల్షియము కావలసినదానికి చాలా దూరముగా ఉంది. తిరుపతి వైద్యుల పరిశోధన 2007లో వచ్చింది. ఎండలో పనిచేసే పల్లెవారికి పట్నమువారికంటె డి విటమిను కొంత నయముగా ఉన్నా, వారి తిండిలో కాల్షియము మరీ తక్కువని ఆ పరిశోధనలో తేలింది. కష్టము ఉంది, ఎండ ఉంది, గిన్నెలో మాత్రము లేదు.

చోడంబలిని చులకన చేయవద్దు

దేవుడు మన కొండలకు మంచి పంట ఇచ్చాడు. రాగులను మేము చోళ్ళంటాము. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉంది. అంతే బరువు పాలలో ఉండేది సుమారు 120. తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన స్త్రీలకు 1,200 కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. రెండు వందల గ్రాముల చోడిపిండితోనే దాదాపు 700 వస్తుంది. పిండి పులియబెట్టి అంబలి కాస్తే, లేక చోళ్ళను మొలకెత్తించి ఎండబెట్టి పిండి కొడితే ఆ కాల్షియము ఒంటికి ఇంకా బాగా పడుతుంది. మన పెద్దలకు లెక్కలు తెలియకపోయినా అలవాటు తెలుసు.

ఇప్పుడు ఏమవుతున్నది? రేషను బియ్యము ఇంటికి వచ్చింది. ఆకలి తీరింది, అందుకు దేవునికి స్తోత్రము. అయితే అన్నము గొప్పవారి తిండి, అంబలి పేదవారి తిండి అనే మాట కూడ దానితోపాటు వచ్చింది. పాస్టరుగారు వచ్చారని అంబలి దాచి అన్నము వండే ఇండ్లున్నాయి. దయచేసి అలా చేయకండి! మా ఇద్దరికీ అంబలి పెట్టండి. దానితో ములగాకు కూర, నువ్వుల పొడి, సంతలో దొరికే ఎండు నెత్తళ్ళు ముల్లుతో సహా తింటే అంతకంటె మందు లేదు. మన గూడేలలో చాలా ఇండ్లకు పాల అలవాటు తక్కువ, కనుక ఇవి మరీ ముఖ్యము.

ఆడపిల్లలను గురించి ప్రత్యేకముగా మనవి చేస్తున్నాను. పెద్దయ్యాక ఉండే ఎముకలో దాదాపు నాలుగవ వంతు, ఎదుగుదల బాగా వేగముగా ఉండే రెండేండ్లలోనే చేరుతుంది. ఆడపిల్లలకు అది పన్నెండు, పదమూడు ఏండ్ల దగ్గర, మగపిల్లలకు ఇంకొక ఏడాది, ఏడాదిన్నర తరువాత. ఆ రెండేండ్లలో గిన్నె నిండుగా, ఆట నిండుగా ఉండాలి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము ఎక్కినప్పుడు ఆమెకు పదమూడేండ్ల పదకొండు నెలలు. భువనగిరి బండమీద మొదలైన ఆమె శిక్షణ హిమాలయాలదాకా నెలల తరబడి నడిచింది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల ఆమె వెనుక నిలిచింది. తిండి, నేర్పు, తోడు ఉంటే పేదింటి పిల్ల ఎముకలు ఎంత ఎత్తు మోస్తాయో చూడండి. అదే వయసులో మన పిల్లకు పెండ్లి చేసి, కడుపుతో ఉండగా కట్టెల మోపు ఎత్తించడము ఎంత అన్యాయము!

ఇంకొక సంగతి. గర్భసంచి తీయించుకొనే స్త్రీలు దేశములో మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పదిహేను నుండి నలభై తొమ్మిది ఏండ్ల వయసులో నూటికి దాదాపు తొమ్మిది మంది. అండాశయములు కూడ తీసివేస్తే ముప్పై అయిదేండ్లకే ముసలితనపు ఎముకలు మొదలవుతాయి. అవసరమైతే చేయించుకోవాలి, తప్పదు. గాని కడుపునొప్పికల్లా అదే మందని ఒక్కరు చెప్పగానే ఒప్పుకోక, రెండవ వైద్యుని కూడ అడగండి.

పొగాకును గురించి సంఘములో ఎన్నోసార్లు విన్నారు. నిప్పు నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ పీల్చే తల్లులు మన ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు. అది నోటికి పుండు తేవడమే గాక ఎముకను కూడ తింటుంది. జీలుగు కల్లు, సారా ఎముకను పలచన చేయడమే గాక బాటలో పడవేస్తాయి. దేహము దేవుని ఆలయమని చెప్పుకొనే మనము ఆలయపు స్తంభములను గురించి కూడ ఆలోచించాలి.

బాట వచ్చింది, మంచిదే

కొన్ని గూడేలకు రోడ్లు వచ్చాయి. డోలీ మోతలు పోవాలని 2025 ఏప్రిల్‌లో ‘అడవి తల్లి బాట’ పేరుతో మన మన్యములో రోడ్ల పనులు మొదలుపెట్టారు. ఆ పనులు ప్రతి గూడెమునకు చేరాలని మనము ప్రార్థించాలి. ఆ అవ్వను మోసిన డోలీ వంటిది ఇంకొకటి నేను చూడకూడదు. ‘కొండ ఎక్కడము ఆరోగ్యమే గదా, వారికి రోడ్డెందుకు’ అని ఎవరైనా అంటే అది క్రూరమైన మాట. కాలు విరిగినవాడికి, పురిటినొప్పుల తల్లికి కొండ వ్యాయామము కాదు.

అయితే రోడ్డుతోపాటు ఆటో వచ్చింది, మోటారు సైకిలు వచ్చింది. అరమైలు దూరములోని బడికి కూడ పిల్లలు బండి ఎక్కుతున్నారు. ఇంతకాలము తప్పక ఎక్కిన కొండను ఇకమీదట ఇష్టపడి ఎక్కాలి. ఎముక గట్టి లెక్కలది. పని ఆపితే చేర్చుకున్నదానిని తిరిగి తీసివేస్తుంది. అందుచేత నా మనవి ఇది:

1. కాళ్ళు బాగున్నవారు వారములో నాలుగైదు రోజులు కొండబాట ఎక్కి దిగండి. మైదానమువారికి కొండ లేకపోతే చెరువుగట్టు, మేడమెట్లు ఉన్నాయి. పీటమీదనుండి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకొని మడమలు ఎత్తి నేలకు దించండి.

2. కొత్తగా మొదలుపెట్టేవారు కొద్దికొద్దిగా పెంచండి. ఎముకకు తేడా కనబడడానికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. నెలరోజులకే విసుగు చెందవద్దు.

3. యాభై దాటినవారు, ఒకసారి ఎముక విరిగినవారు, నడుము వంగినవారు ముందుగా వైద్యుని అడగండి. ముందుకు వంగి బరువు లేపవద్దు. వానలో చేతికర్ర లేకుండా దిగవద్దు. కొండ ఎక్కే కాళ్ళకు నిలకడ వస్తుంది, ఆ నిలకడే పడకుండా కాపాడుతుంది.

4. మన గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. చిన్న వయసులోనే తుంటి నొప్పి, ఒళ్ళు నొప్పులు వస్తుంటే వ్యాయామము చేయించక ముందు రక్తపరీక్ష చేయించండి.

5. బోలు ఎముకల వ్యాధి అని తేలినవారికి మంచి మందులున్నాయి. నేనూ వాడుతున్నాను. ప్రార్థన చేస్తున్నాము గదా అని మందు మానవద్దు. లూకా కూడ వైద్యుడే.

6. కట్టెల మోపును రెండు చేయండి. సగము అమ్మ తలమీద, సగము అబ్బాయి భుజముమీద. కావడి ఎత్తడము మగవారికి చిన్నతనము కాదు.

ఈ ఆరవ మాట దగ్గర కొంతసేపు ఆగమని సహోదరులను వేడుకొంటున్నాను. మార్కు సువార్త 2వ అధ్యాయములో పక్షవాతముగలవానిని నలుగురు మోసుకొని వచ్చి, ఇంటి కప్పు విప్పి, ప్రభువు ఎదుటికి దించారు. డోలీ మోసిన మన కుర్రవాళ్ళను చూచినప్పుడు ఆ నలుగురే గుర్తుకు వస్తారు. వారికి వందనములు. ఆ అవ్వ పడిన తరువాత నలుగురు భుజము పట్టారు. పడకముందు ఏ ఒక్కరైనా ఆమె మోపులో సగము పట్టి ఉంటే, ఆమె గిన్నెలో ఇంకొక గరిటె పోసి ఉంటే ఎలా ఉండేదో!

మా స్త్రీల సమాజములో ఒక చిన్న పని మొదలుపెట్టాము. నెలలో మొదటి ఆదివారము ఆరాధన తరువాత అందరికీ చోడంబలి, ములగాకు కూర. వడ్డన ఆడవారితో మొదలవుతుంది, మగవారు వడ్డిస్తారు. మొదట అందరూ సిగ్గుపడి నవ్వారు. ఇప్పుడు అలవాటయింది. ఒక పెద్దాయన తన ఇంటిలో కూడ భార్యకు ముందు వడ్డిస్తున్నాడని ఆమె వచ్చి నాతో చెప్పినప్పుడు, ఈ ముప్పై ఏండ్లలో నేను విన్న సాక్ష్యములలో అది గొప్పదనిపించింది.

పౌలు భక్తుడు గలతీ సంఘమునకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో రెండు మాటలున్నాయి. ఒకచోట ఒకరి భారములు ఒకరు పంచుకోమంటాడు. మూడు వచనముల తరువాత ఎవరి బరువు వారు మోయాలంటాడు. ఇవి ఒకదానికొకటి అడ్డమని చిన్నప్పుడు అనుకొనేదానిని. కొండ నాకు దీని అర్థము నేర్పింది. మనిషిని నిలబెట్టే బరువు ఒకటుంది, దానిని ఎవరి కాళ్ళతో వారే మోయాలి. మనిషిని విరిచివేసే బరువు ఇంకొకటుంది, దానిని ఒక్కరిమీద వదలివేయడము పాపము. ఏ తల్లి తలమీద ఉన్నది ఏ బరువో గుర్తుపట్టే కన్నులను, దానికి భుజము పట్టే మనసును ప్రభువు మన కుటుంబములన్నిటికి అనుగ్రహించును గాక! ఆమేన్.